సెల్ టవర్ మీద పనిచేసే రిగ్గర్‌కు సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

రిగ్గర్‌గా, అంటే టవర్ ఎక్కి యాంటెన్నాలు బిగించే పనివాడిగా, కొత్తగా చేరిన మీ తమ్ముడితో, టవర్‌కు రేడియేషన్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి యాంటెన్నాలు ఆపకుండానే పని చేయవచ్చని సూపర్‌వైజర్ అన్నారని, అది నిజమేనా అని అడిగారు. పదకొండేళ్లు టవర్లు ఎక్కిన అనుభవంతో చెబుతున్నాను: ఆ సర్టిఫికెట్ చుట్టుపక్కల తిరిగే జనానికి సంబంధించినదే గాని, యాంటెన్నాను ఆనుకుని పనిచేసే మనిషికి సంబంధించినది కాదు.

మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి అమలుచేసిన నిబంధన ప్రకారం, 900 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల విషయంలో ప్రజలకు పరిమితి చదరపు మీటరుకు 0.45 వాట్లు. అంతర్జాతీయ మార్గదర్శకాలు శిక్షణ పొందిన కార్మికులకు 22.5 వాట్ల వరకు అనుమతిస్తాయి. నడుస్తున్న సెక్టార్ యాంటెన్నాకు (ఒక దిక్కుకు సిగ్నల్ పంపే యాంటెన్నాకు) ఎదురుగా, చేతికందే దూరంలో నిలబడితే ఆ హద్దు కూడా దాటవచ్చు. అదే యాంటెన్నా వెనుక వైపు శక్తి వందల రెట్లు తక్కువ. అందుకే నిచ్చెన ఎక్కడం కాదు, యాంటెన్నా ముందుకు రావడమే అసలు ప్రమాదం.

యాంటెన్నా నుంచి వచ్చే రేడియో తరంగం ఎక్స్‌రే వంటి కిరణం కాదు. దీని నిరూపితమైన హాని ఒంటిలోని కణజాలాన్ని వేడెక్కించడం. రక్త ప్రసరణ తక్కువగా ఉండే కళ్లు, వృషణాలు ఆ వేడిని త్వరగా వదిలించుకోలేవు. పైగా ఎండలో చెమటలు కక్కుతున్నవాడికి ఆ వేడి విడిగా తెలియదు.

ఒకసారి హైదరాబాద్‌లో ఒక మేడ మీది సైట్‌లో మేము పనిచేయవలసిన సెక్టార్‌ను లాక్ చేయించుకుని (సిగ్నల్ ఆపించుకుని), క్లాంపు బిగించడానికి వంగగానే నా ఛాతీ మీది రేడియేషన్ కొలిచే మీటర్ మోగింది. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుని కాసేపు పట్టించుకోలేదు; అది నా తెలివితక్కువతనం. అదే స్తంభానికి మోకాలి ఎత్తులో ఉన్న మరో కంపెనీ యాంటెన్నా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపమని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

కాబట్టి ఆ టవర్‌ను ఎన్ని కంపెనీలు పంచుకుంటున్నాయో, ఏ సెక్టార్లు ఆగాయో ఒక్కొక్క కంపెనీ నుంచి విడివిడిగా నిర్ధారించుకున్న తరువాతే మీ తమ్ముణ్ణి ముందుకు వెళ్లమనండి. మీటర్ 5జీ వాడే 3,500 మెగాహెర్ట్జ్‌ను కొలవగలదో లేదో కూడా చూసుకోవాలి; పాత వాటిలో కొన్నింటికి ఆ సామర్థ్యం ఉండదు. పైన మీటర్ మోగితే కంగారుపడి బెల్టు హుక్ విప్పకుండా, హుక్ తగిలించి ఉంచుకునే, యాంటెన్నా వెనుక వైపుకు జరగాలి.