తోలు సంచిలో తుపాకీ

ప్రశ్న: నాన్నగారి 12 బోర్ జంటగొట్టాల తుపాకీ లైసెన్సుతో నా పేరుకు మారింది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచినా, వానాకాలంలో ఎర్రచుక్కలు వచ్చాయి. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: తోలు తేమ పీల్చి ఇనుముకి అంటిస్తుంది. సంచి తీసేయండి. తూటాలు లేవని రెండు గొట్టాలూ చూశాకే విడదీయండి. తూటా పెట్టే వైపు నుంచి కంచు బ్రష్షు తోసి, పొడిగుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. నూనె రెండు చుక్కలు చాలు. ఎక్కువైతే చెక్కలోకి కారి దాన్ని మెత్తబరుస్తుంది. అందుకే మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. చుక్కలకు గరుకు కాగితం వద్దు, నల్లపూత లేచిపోతుంది. నూనెలో తడిపిన అతి సన్నని ఉక్కుపీచుతో మెల్లగా రుద్దండి.

చలిదేశాల్లో బాతులవేటకు ముందు నూనె దాదాపు తుడిచేస్తారు. గడ్డకడితే ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే సూది) మందగిస్తుంది. మనకా బెంగ లేదు. మీ పక్కనున్న పళ్లికరణై చిత్తడినేల బాతుల జోలికి మాత్రం వెళ్లకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.