ప్రొటీన్ ఎక్కువైందా, పప్పు తూకం తప్పిందా?

ప్రశ్న: నా వయసు 42, ఎత్తు 158 సెంటీమీటర్లు. కూర్చుని చేసే ఉద్యోగం. మూడు నెలలుగా రోజుకు 1,700 కేలరీలు దాటకుండా ఫోన్‌లోని యాప్‌లో లెక్క రాసుకుంటూ తింటున్నాను. 74 కిలోల నుంచి 68కి వచ్చాను. కేలరీలు ఏ రోజూ దాటడం లేదు కానీ, ప్రొటీన్ మాత్రం యాప్ చెప్పిన 56 గ్రాములు దాటిపోయి 95 దగ్గర తేలుతోంది. మా అత్తగారిది కవిటి దగ్గర పల్లె. కిడ్నీ జబ్బుతో పోయినవాళ్లను కళ్లారా చూసిన మనిషి కావడంతో, గుడ్లూ చేపలూ ఇలా తింటే నీకూ అదే వస్తుందని బెంగ పెట్టుకున్నారు. నాకు సాయంత్రానికి నీరసంగా ఉంటోంది, మలబద్ధకం కూడా మొదలైంది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు అట్లు, రెండు ఉడికించిన గుడ్లు. మధ్యాహ్నం 150 గ్రాముల అన్నం, 150 గ్రాముల కందిపప్పు, 200 గ్రాముల పెరుగు. రాత్రి రెండు పుల్కాలు, 100 గ్రాముల కానాగంత చేపలతో పులుసు. మధ్యలో రెండు టీలు. కేలరీల్లో చోటు చాలక కూరలు, పళ్లు మానేశాను. ప్రొటీన్ తగ్గించుకోవాలా?
– ఎం.వి.పి. కాలనీ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తగ్గించుకోనవసరం లేదు. అయితే మీ ఉత్తరంలో ప్రొటీన్ కంటే ముందు సరిచేయవలసిన విషయం ఒకటి ఉంది, దాని దగ్గరికి వస్తాను.

ముందుగా ఆ 56 సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ 68 కిలోలను దానితో హెచ్చవేస్తే వచ్చేదే యాప్ చూపే 56. సగటు మనిషి అవసరం నిజానికి కిలోకు 0.66 గ్రాములే. అందరి శరీరాలూ ఒకేలా ఉండవు కనుక, ఆరోగ్యవంతుల్లో దాదాపు అందరికీ సరిపోయేలా దానికి కొంత చేర్చి 0.83 చేశారు. అంటే అది అంతకు తగ్గకుండా చూసుకోమని చెప్పే అంకె తప్ప, దాటితే ప్రమాదమని హెచ్చరించే అంకె కాదు. యాప్‌లు కేలరీలకూ ఉప్పుకూ గీసినట్టే దీనికీ ఒక పైగీత గీసి, దాటగానే ఎర్రరంగు చూపడం వల్ల మీలాంటి వారెందరో అనవసరంగా కంగారు పడుతున్నారు.

ఇక అసలు విషయం. మీ జాబితాలో “150 గ్రాముల కందిపప్పు” అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. అనుమానం తీర్చుకోవడానికి, ఈ జవాబు రాయబోయే ముందు మా వంటింట్లో 40 గ్రాముల కందిపప్పు తూచాను. చిన్న గుప్పెడు వచ్చింది. దాన్ని కుక్కర్‌లో ఉడికించి, మెదిపి, పోపు పెట్టాక గిన్నెలోకి వంపి మళ్లీ తూస్తే 150 గ్రాములకు అటూ ఇటుగా ఉంది. ఒక మనిషి అన్నంలో కలుపుకునే పప్పు సరిగ్గా అంతే. పచ్చి పప్పే 150 గ్రాములు పోస్తే నలుగురున్న ఇంట్లో ఒక పూటకు సరిపోతుంది. కాబట్టి మీరు కంచంలోని ఉడికిన పప్పును తూచి, యాప్‌లో మాత్రం పచ్చి కందిపప్పు పేరు మీద రాస్తున్నారని దాదాపు నిశ్చయంగా చెప్పగలను. నూరు గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. యాప్ మీ ఖాతాలో 33 గ్రాములు వేసింది, మీకు దక్కింది 9 గ్రాములకు లోపే.

ఈ ఒక్క పొరపాటును సరిచేసి మీ రోజంతా మళ్లీ కూడితే పెసరట్లలో 14, గుడ్లలో 12, అన్నంలో 4, పప్పులో 9, పెరుగులో 6, పుల్కాల్లో 6, చేపల్లో 20, టీ పాలలోని కొద్దిపాటిని పక్కన పెడితే మొత్తం 71 గ్రాముల దగ్గర తేలుతోంది. కిలో బరువుకు ఒక గ్రాము కంటే కాస్త ఎక్కువ, అంతే. బరువు తగ్గాలని కేలరీలు కుదించుకున్న రోజుల్లో శరీరం కొవ్వుతోపాటు కండనూ కరిగించుకుంటుంది కనుక, ఆ నష్టం తగ్గడానికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు తినడం మంచిదని నిపుణులు చెబుతారు. ఆ లెక్కన మీకు 82 గ్రాములు తిన్నా ఎక్కువ కాదు. దానికి వారంలో రెండు మూడు రోజులు కండరాలకు పని పెట్టే వ్యాయామం తోడవాలి. బీచ్ రోడ్డులో నడక గుండెకు మేలే కానీ, కండ నిలవడానికి అదొక్కటే చాలదు.

నాకు ప్రొటీన్ కంటే ఎక్కువ ఆందోళన కలిగించింది మీ కేలరీలు. ఆ పప్పు పొరపాటు ప్రొటీన్‌ను పెంచి చూపినట్టే కేలరీలనూ సుమారు 365 వరకు పెంచి చూపింది. 1,700 తింటున్నానని మీరు అనుకుంటున్న రోజున నిజంగా తిన్నది 1,335 దగ్గర ఉంది. సాయంత్రపు నీరసానికి ఇదొక కారణం కావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఆ అనుమానాలూ తీరతాయి.

మలబద్ధకానికి నింద ప్రొటీన్ మీద వేయకండి. కేలరీల హద్దు పెట్టుకున్నప్పుడు ఒకటి పెరిగితే మరొకటి కంచంలోంచి తప్పుకోవలసిందే. మీ కంచంలోంచి కూరలూ పళ్లూ తప్పుకున్నాయి, వాటితో పీచు పోయింది. జాతీయ పోషకాహార సంస్థే 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు 2,000 కేలరీల భోజనంలో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు ఉండాలంటున్నాయి. రెండు వందల గ్రాముల బీరకాయలో గానీ ఆనపకాయలో గానీ 40 కేలరీలు కూడా ఉండవు, కేలరీల బరువంతా పోపులో వేసే నూనెదే. చెంచా నూనెకు 45 కేలరీలు వేసుకుని, పప్పు తప్పు సరిచేస్తే మిగిలిన చోటులో రెండు పూటలా కూర, ఒక జామకాయ చేర్చుకోండి. నీళ్లు కూడా పెంచండి.

ఇక మీ అత్తగారి భయం. దాన్ని నేను తేలికగా తీసుకోలేను. శ్రీకాకుళం జిల్లాలో కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొన్ని ఇళ్లలో ఇద్దరు ముగ్గురు డయాలసిస్ మీద ఉండడం చూసిన వారికి ఆ భయం లేకపోతేనే వింత. కానీ అక్కడి జబ్బుకు కారణమేమిటో ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కచ్చితంగా తేలలేదు. గుడ్లూ చేపలూ అతిగా తినడం వల్ల వచ్చిందని ఎవరూ తేల్చలేదు. జబ్బు పడినవారిలో ఎక్కువమంది కొబ్బరి, జీడి తోటల్లోనూ పొలాల్లోనూ ఒళ్లు వంచి పనిచేసే వారు. మనం తిన్న ప్రొటీన్‌లో శరీరం వాడుకోగా మిగిలినదాన్ని అలాగే దాచుకునే ఏర్పాటు లేదు. అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలో పంపేస్తాయి, తక్కినది శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వుగా మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు మీరు తింటున్న మోతాదుకు ఈ పని ఇబ్బంది లేకుండా చేస్తాయి. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీలకు మాత్రం అది భారమే, పైగా జబ్బు ముదిరేదాకా బయటపడదు. అందుకని సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టవలసిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చెప్పేది), దానితో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూపే అల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి పరీక్షలు చేయించుకుని, ఆ కాగితాన్ని ఆవిడకు కూడా చూపించండి. వీలైతే ఆవిడకూ చేయించండి. ఆ ప్రాంతంలో పుట్టిపెరిగిన వారికి ఈ పరీక్షలు మీకంటే ఎక్కువ అవసరం.

ప్రశ్న: వయసు 24, బరువు 60 కిలోలు. జిమ్‌లో శిక్షకుడు చెప్పినట్టు కోడిమాంసం, గుడ్లు కాక మూడు స్కూపుల వే పౌడర్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) కూడా తీసుకుంటున్నాను. రోజుకు 160 గ్రాముల ప్రొటీన్ అవుతోంది. కడుపు ఉబ్బరంగా ఉంటోంది.
– గాజువాక పాఠకుడు

జవాబు: మీ బరువుకు అది కిలోకు 2.6 గ్రాములకు పైనే. బరువులెత్తే వారిలో కూడా సగటున 1.6 గ్రాములు, అంటే మీకు 96 గ్రాములు దాటాక కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ లాభం కనిపించదు. పైదానితో గ్రాముకు 4 కేలరీల చొప్పున అనవసరంగా ఒంట్లో వేసుకుంటున్నట్టే. ఉబ్బరం పౌడర్‌లోని లాక్టోజ్ అనే పాల చక్కెర వల్ల కావచ్చు. రెండు వారాలు పూర్తిగా ఆపి చూడండి. ఇందాక చెప్పిన 2024 మార్గదర్శకాలు కూడా ప్రొటీన్ పౌడర్లకు దూరంగా ఉండమనే అంటున్నాయి. నాలుగు గుడ్లలో 24, వండక ముందు తూచిన నూటయాభై గ్రాముల చర్మం లేని కోడిమాంసంలో 33, వంద గ్రాముల నానబెట్టక ముందు తూచిన శనగల్లో సుమారు 19 గ్రాములు వస్తాయి. అన్నం, పాలు, పెరుగు మిగతాది పూరిస్తాయి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా షుగరు. క్రియాటినిన్ 1.9 ఉంది. కండ తగ్గుతోందని నేనే లెక్కకట్టి ఎక్కువ ప్రొటీన్ పెడుతున్నాను. మంచిదేనా?
– భీమిలి పాఠకురాలు

జవాబు: ఆ క్రియాటినిన్ చూస్తే కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిన్నట్టున్నాయి కనుక, పైన రాసిన లెక్కలేవీ ఆయనకు వర్తించవు. ఈ స్థితిలో ప్రొటీన్ పెంచినా, భయపడి బాగా కోసేసినా నష్టమే. ఎంత పెట్టాలో కిడ్నీ వైద్యుడే నిర్ణయించాలి. ఈ వారంలోనే చూపించండి, ఆయన మూడు రోజులు తిన్నవన్నీ పచ్చివో, వండినవో తూకంతో సహా కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.