పంపిన కోడ్‌ను ఏ కొలతతో స్వీకరించాలి?

ప్రశ్న: తేదీలను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని మూడేళ్లుగా నిర్వహిస్తున్నాను. ఇటీవల ఒకాయన 1,200 లైన్ల కోడ్‌ను ఒకేసారి పంపారు. అది పనిచేస్తోంది గానీ, అందులో సగం నాకు అర్థం కాలేదు. తీసుకోలేనని చెబితే ఆయన నొచ్చుకుని, ఆ నియమం ఎక్కడ రాసి ఉందని అడిగారు. నిజానికి ఎక్కడా రాయలేదు. ఎలాంటి ప్రమాణాలు పెట్టుకోవాలి?

జవాబు: ఆయన అడిగినది న్యాయమే. నియమం ముందుగా రాసి లేనప్పుడు, కోడ్‌ను కాదన్నా తనను కాదన్నట్టే ఉంటుంది. అయితే మీ నిర్ణయంలో తప్పు లేదు. కోడ్ పంపినవారు వచ్చే ఏడాది ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందులో బగ్ బయటపడితే జనం వచ్చేది మీ దగ్గరికే. కాబట్టి నిర్వహించేవారికి అర్థం కానిది, ఎంత బాగా పనిచేసినా, చేర్చబోమన్నది మీ మొదటి నియమం కావాలి.

రెండోది, ఒక ప్యాచ్‌లో, అంటే ఒకసారి పంపే కోడ్ సవరణలో, ఒకే మార్పు ఉండాలి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్ ప్రాజెక్టు మార్గదర్శకాలు కోరేదీ ఇదే. మీ లైబ్రరీనే తీసుకుందాం. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును. ఈ తేడాను పట్టించుకోని కోడ్‌ను సరిచేయడానికి మూడు లైన్లు చాలు. అదే ప్యాచ్‌లో మరో మూడు వందల లైన్లలో ఖాళీలు కూడా సర్దితే, అసలు మూడు లైన్లు ఎంత అనుభవమున్న కంటికైనా చిక్కవు. దిద్దుబాటుతో పాటు టెస్టు కూడా అడగండి. 1900 ఫిబ్రవరి 29ని తప్పుడు తేదీగా తిప్పికొట్టాలనే ఆ టెస్టు పాత కోడ్ మీద విఫలమై, కొత్త కోడ్ మీద నెగ్గాలి. పాత కోడ్ మీద కూడా నెగ్గే టెస్టు దేనినీ పరీక్షించడం లేదని అర్థం.

లైనుకు 80 అక్షరాలా, 100 అక్షరాలా అన్న తగవును ఫార్మాటింగ్ టూల్‌కు వదిలేయండి. దానిపై మనుషులు వాదించుకుంటే రివ్యూ చేసే ఓపిక అక్కడే అయిపోతుంది.

హక్కుల విషయం చాలామంది చివరికి నెట్టేస్తారు. ఉద్యోగి రాసిన కోడ్ సంస్థకు చెందేది కావచ్చు. పంపినవారికి దానిని ఇచ్చే అధికారం ఉందో లేదో మీకు తెలియదు. లినక్స్ హక్కులపై కోర్టు వివాదం నడుస్తున్న రోజుల్లో, 2004లో, కెర్నెల్ ప్రాజెక్టు డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అనే చిన్న ప్రకటనను తెచ్చింది. ప్రతి కమిట్ (నమోదు చేసే కోడ్ మార్పు) వివరణ చివర "సైన్డ్-ఆఫ్-బై" లైను చేర్చడం ద్వారా, ఈ కోడ్‌ను ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు తనకుందని రచయిత హామీ ఇస్తారు. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నడిపే అపాచీ ఫౌండేషన్, కోడ్‌ను నేరుగా చేర్చే అధికారమున్న తన కమిటర్ల నుంచి విడిగా ఒప్పందపత్రమే తీసుకుంటుంది. మీ స్థాయికి ఆ ఒక్క లైను సరిపోతుంది.

ఇక నమ్మకం. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జడ్ (ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ టూల్) ఉదంతంలో, రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు పంపి సహ నిర్వాహకుడిగా ఎదిగిన ఖాతా నుంచే దొంగదారి వచ్చింది. అసలు హానికర కోడ్‌ను టెస్టుల కోసమని పెట్టిన, మనుషులు చదవలేని బైనరీ ఫైళ్లలో దాచారు. దానిని తట్టిలేపే బిల్డ్ స్క్రిప్టు (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా తయారుచేసే ఆదేశాలు) భాగం విడుదల ప్యాకేజీలో ఉంది గానీ, అందరూ చూసే కోడ్ భాండాగారమైన రిపాజిటరీలో లేదు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయడంతో అది దొరికింది. కనుక ఎలా తయారైందో చూపలేని బైనరీని ఎవరు పంపినా తీసుకోకండి, విడుదల ప్యాకేజీని రిపాజిటరీలోని కోడ్ నుంచే తయారుచేయండి. ఇంకొకరు చూడకుండా కోడ్ చేరదన్న నియమం మీకూ వర్తించాలి. ఒంటరి నిర్వాహకులకు ఇది కష్టమేనని ఒప్పుకుంటాను.

కాదన్నప్పుడు సాంకేతిక కారణం రాసి చెప్పాలన్న షరతును మీకు మీరే పెట్టుకోండి. అపాచీ ప్రాజెక్టుల్లో కోడ్ మార్పుపై వీటో చెల్లాలంటే అలాంటి కారణం చూపక తప్పదు. ఆ 1,200 లైన్ల సంగతికొస్తే, నియమం ముందు రాయకపోవడం మీ పొరపాటేనని ఆయనకు చెప్పి, వాటిలో విడిగా నిలబడగల అతి చిన్న ముక్కను టెస్టుతో సహా ముందుగా పంపమని అడగండి. అది వచ్చేలోపు ఈ నియమాల ఫైలు మీ రిపాజిటరీలో ఉండాలి.