సాఫ్ట్‌వేర్ పరిశోధనలో ‘సిద్ధాంతం’ అనవచ్చా?

సందేహం: మాది హన్మకొండ. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరిశోధనలో థియరీ పాత్ర మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ‘సిద్ధాంతం’ అని రాస్తే మా గైడ్ ఒప్పుకోలేదు. ‘పైథాగరస్ సిద్ధాంతంలా రుజువైతేనే సిద్ధాంతం; నువ్వు ఊహ అని రాయి’ అన్నారు. ఏది సరి?

సమాధానం: ‘సిద్ధాంతం’ అనే రాయండి. మీ గైడ్ గారి అభ్యంతరానికి మూలం మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. లెక్కల పుస్తకం థియరమ్‌ను సిద్ధాంతం అంది, సైన్సు పుస్తకం థియరీనీ సిద్ధాంతమే అంది. పైథాగరస్‌దీ అదే మాట, డార్విన్‌దీ అదే మాట. మొదటిది ఒకసారి రుజువైతే ఇక కదలదు. రెండోది కొత్త సాక్ష్యం దొరికినప్పుడల్లా పరీక్షకు నిలబడాలి.

పాత వాడుక కూడా మీ వైపే ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘పంచసిద్ధాంతిక’లో ఐదు ఖగోళ సిద్ధాంతాలను పక్కపక్కన పెట్టి, ఏది సరిగ్గా ఉందో, ఏవి సత్యానికి దూరమో చెప్పాడు. లెక్క తప్పినవాటికీ ఆ పేరు తీసెయ్యలేదు.

‘ఊహ’ వద్దు, అది మరీ తేలిపోతుంది. పరీక్షకు పెట్టే ఒక్కో ప్రతిపాదనను ‘పరికల్పన’ అనండి.

జాగ్రత్త పడాల్సింది ‘నియమం’ దగ్గర. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని తెస్తే అది మరింత ఆలస్యమవుతుందని అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాశాడు. ఇది నియమం, ఏం జరుగుతుందో చెప్తుంది. ఎందుకలా జరుగుతుందో చెప్పేది సిద్ధాంతం. కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే తీరిక లేని పాతవాళ్లు. పైగా ఐదుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 10 జతలు, పదిమందైతే 45. మనుషులు రెట్టింపైతే మాటల బరువు నాలుగు రెట్లు దాటింది. ఈ ‘ఎందుకు’ తెలిస్తేనే నియమం ఎక్కడ వర్తించదో కూడా తెలుస్తుంది: ఒకరితో ఒకరికి పనిలేకుండా విడదీయగల పని అయితే అంత నష్టం ఉండదు. లెక్కలూ పట్టికలూ నింపి, కారణం దగ్గర ఆగిపోయే పరిశోధన ఒక కంపెనీ గురించి చెప్తుందేమో గానీ, పక్క కంపెనీకి అక్కరకు రాదు. మన దగ్గర ‘అదంతా థియరీనే’ అంటే పనికిరానిదనే అర్థం పాతుకుపోవడం నాకు నిజంగా బాధ. మీ వ్యాసం ఆ అపోహను పోగొట్టాలి.

క్రియ కూడా చూసుకోండి. ‘సిద్ధాంతాన్ని నిరూపించాం’ అన్నది గణితానికే తగును. మీరు ‘పరీక్షించాం’, ‘సాక్ష్యం బలపరిచింది’, ‘ఇక్కడ సరిపోలేదు’ అని రాయండి. ‘సైద్ధాంతిక పరిశోధన’ అన్నా చిక్కే: వార్తాపత్రికలు చదివేవాళ్లకు ‘సైద్ధాంతిక విభేదాలు’ అంటే పార్టీల గొడవలే గుర్తొస్తాయి. శీర్షికకు ‘సాఫ్ట్‌వేర్ పరిశోధనలో సిద్ధాంతాల పాత్ర’ చాలు.