రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా మేడమ్?

పోయిన సంచికలో మేం నార్వే పడవ ప్రయాణం చేసొచ్చిన సంగతి ఏదో నాలుగు లైన్లు రాశాను, దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. హైదరాబాద్‌లో ఎండలకి మాడిపోయి అందరికీ ఒక్కసారే మంచు గుర్తొచ్చినట్టుంది. అన్నిటికీ జవాబు రాయడం కుదరదు కాబట్టి, ఒకే ప్రశ్న పదిమంది అడిగినవి ఏరి పెట్టాను.

ప్రశ్న: ఇద్దరం రిటైరయ్యాం. మా కాలనీలో ఒకాయన పెద్ద క్రూజ్‌లో నార్వే వెళ్లొచ్చి స్విమ్మింగ్ పూల్, మ్యాజిక్ షో ఫొటోలన్నీ గ్రూపులో పెట్టారు. మీరేమో సరుకులు మోసే పడవ ఎక్కమంటున్నారు. అంత డబ్బు పెట్టి లగేజీ పడవ ఎక్కడమేంటండీ? (సైనిక్‌పురి నుంచి)

సరుకులు మోస్తుంది కాబట్టే ఎక్కమంటున్నా సార్. బెర్గెన్ నుంచి పైన రష్యా బోర్డర్ పక్కనున్న కిర్కెనెస్ దాకా పోయి మళ్లీ వెనక్కొచ్చే లైన్ ఇది, 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మొదలుపెట్టాడు, అప్పట్లో ఆ ఒడ్డున సరైన రోడ్డు లేదు రైలు లేదు, చలికాలం పైనున్న ఊళ్లకి ఒక ఉత్తరం చేరాలంటే నెలలు పట్టేదట, దాన్ని రోజుల్లోకి తెచ్చారు కాబట్టి హుర్టిగ్రూటన్ అన్నారు, అంటే వేగంగా పోయే దారి. 2021 నుంచి హవీలా అనే ఇంకో కంపెనీ కూడా అదే రూట్లో తిప్పుతోంది. పోయి రావడానికి 12 రోజులు, మధ్యలో 34 ఊళ్లు. మన పల్లెవెలుగు బస్సే అనుకోండి, కాకపోతే నీళ్ల మీద. కొన్ని ఊళ్లలో పావుగంటే ఆగుతుంది, ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి సరుకు దింపుకుపోతుంది, ఎవరో కుర్రాడు సైకిల్‌తో ఎక్కి రెండు ఊళ్ల తర్వాత దిగిపోతాడు, మనవైపు చూడను కూడా చూడడు. వాళ్ల రోజువారీ బతుకు మధ్యలోంచి మనం పోతున్నామన్న ఫీలింగ్ ఉంది చూడండి, అది పెద్ద క్రూజ్‌లో దొరకదు. అక్కడ మీరు ఉండేది ఒక మాల్‌లో, బయట కొండలు కదులుతుంటాయి అంతే. మ్యాజిక్ షో చూడ్డానికి 60 డిగ్రీల అక్షాంశం దాటి పోవాలా చెప్పండి.

ఒక రాత్రి సంగతి చెప్తా. లోఫోటెన్ దీవుల్లో ట్రోల్‌ఫ్యోర్డ్ అని ఒకటుంది (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ), పొడవు రెండు కిలోమీటర్లు, మొదట్లో వెడల్పు 100 మీటర్లే. మేం జూన్‌లో పోయాం, అర్ధరాత్రి పన్నెండు దాటింది కానీ వెలుతురు మాత్రం మన దగ్గర వాన పడేముందు సాయంత్రంలా ఉంది. మైక్‌లో చెప్పగానే అందరం దుప్పట్లు కప్పుకుని పైన డెక్ మీదకి పరిగెత్తాం. పడవ వేగం బాగా తగ్గించేసి ఆ సందులోకి దూరింది, రెండు పక్కలా రాతి గోడలు, మా అత్తగారు చెయ్యి చాపి "ఇంకొంచెం అయితే తగిలేదే" అన్నారు, తగలదు లెండి కానీ అలాగే ఉంది. రాతి మీంచి జారే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. చివరికి పోయాక ఆ పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది, మా గల్లీలో వాటర్ ట్యాంకర్ రివర్స్ చేసుకోవడానికి అరగంట తీసుకుంటాడు, ఇక్కడ అంత పెద్ద పడవ చప్పుడు లేకుండా తిరిగేసింది. ఎవ్వరూ మాట్లాడలేదు. ఫోన్లు కూడా కాసేపటికి కిందకి దిగిపోయాయి.

ఇక కష్టాలు. రాత్రి రెండింటికి, నాలుగింటికి కూడా ఏదో ఒక ఊరు వస్తుంది, పడవని పక్కకి జరిపి రేవుకి ఆనించే థ్రస్టర్ ఆన్ చేస్తే మంచం మిక్సీ గిన్నెలా వణుకుతుంది, ముందు భాగంలో కింద క్యాబిన్ తీసుకుంటే ఇక నిద్ర గోవిందా. రేట్ల సంగతి అడక్కండి, మేం పోయినప్పుడు వాళ్ల క్రోన్ మనకి ఎనిమిది తొమ్మిది రూపాయలు, ఒక కాఫీ తాగితే నాలుగొందలు ఎగిరిపోయినట్టే, నేను మొదటి రెండ్రోజులు ప్రతిదీ రూపాయల్లోకి మార్చుకుని ఏడ్చాను, మూడో రోజు మానేశాను. ఎక్స్‌కర్షన్లకి, అంటే పడవ దిగి ఊళ్లు చూసొచ్చే టూర్లకి, అన్నిటికీ విడిగా డబ్బు కట్టాలి. మేం నార్వే ఉత్తరపు కొసనున్న నార్త్ కేప్‌కి బస్సు ఎక్కాం, 307 మీటర్ల కొండ అంచు మీద పెద్ద ఇనుప గ్లోబు, దాని ముందు నిలబడి సముద్రం చూడాలని అందరి ఆశ. మేం పోయిన రోజు పొగమంచు, పది అడుగుల్లో ఉన్న గ్లోబే కనపళ్లేదు, మా ఆయన దాని కాలు పట్టుకుని ఫొటో దిగారు. దారిలో రెయిన్‌డీర్ మాత్రం మన రోడ్ల మీద గేదెల్లాగే అడ్డంగా నిలబడ్డాయి, డ్రైవర్ కూడా మనవాళ్లలాగే ఓపిగ్గా ఆగాడు, హారన్ మాత్రం కొట్టలేదు.

అన్నట్టు గైరంగర్ ఫ్యోర్డ్ కోసమే పోయేవాళ్లు ఒకటి చూసుకోండి. యునెస్కో లిస్టులో 2005లో చేరింది అది, పొగ వదిలే పడవల్ని ఇక రానివ్వకూడదని నార్వే వాళ్లు రూల్ పెట్టారు, చిన్న పడవలకి 2026 జనవరి నుంచే, పెద్దవాటికి 2032 దాకా టైమ్ ఇచ్చారు. బ్రోచర్ మీద ఏడు పాయల జలపాతం బొమ్మ ఉన్నంత మాత్రాన పడవ లోపలిదాకా పోతుందని కాదు, మీరు వెళ్లే తారీఖుకి పోతుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: మేం ప్యూర్ వెజ్. అన్నం లేకపోతే మా వారికి తిన్నట్టే ఉండదు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా? నెయ్యి, పచ్చళ్లు? (కూకట్‌పల్లి నుంచి, ఇంకా చాలామంది)

కుక్కర్ వద్దమ్మా. పడవ మీద నిప్పు అంటే వాళ్లకి ప్రాణభయం, వేడి చేసే సామాను ఏదీ క్యాబిన్లో వాడనివ్వరు, కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె అన్నీ అందులోకే వస్తాయి. నెయ్యి కూడా వద్దు, యూరప్ బయట్నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు నార్వేలోకి తేకూడదు, కోవా, పేడాలు కూడా అంతే. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, పులిహోర పేస్ట్ పెట్టుకోండి, ఒకటికి రెండు కవర్లు చుట్టి. మా ఆవకాయ నూనె కారి మా ఆయన తెల్ల బనియన్లన్నీ ఎర్రబడ్డాయి.

మా ఏజెంట్ "వెజ్ అంతా చెప్పేశాను మేడమ్, నో టెన్షన్" అన్నాడు, పడవ ఎక్కి అడిగితే వాళ్ల దగ్గర మా పేర్ల ఎదురుగా ఏమీ రాసి లేదు. మొదటి రాత్రి ఉడకబెట్టిన బంగాళాదుంపలు, వెన్న, ఇంకో ప్లేట్లో అవే దుంపలు వేరే షేపులో. అత్తగారు ఏమీ అనకుండా సంచిలోంచి కందిపొడి తీసి చల్లారు. మర్నాడు వంటాయన బయటికొచ్చి ఆ పొడి ఏంటని అడిగి, వేలితో అద్ది రుచి చూసి, దగ్గి, మళ్లీ అడిగాడు. ఆ తర్వాత రోజూ మాకు పప్పులాంటిది ఏదో ఒకటి వచ్చింది. కాబట్టి ఏజెంట్ మాట నమ్మకుండా మీరే కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసుకెళ్లండి. గుడ్డు, చేప కూడా తినం అని విడమరిచి రాయండి, చేపని వాళ్లు కూరగాయ కిందే లెక్కేస్తారేమో అని నా అనుమానం. గోధుమరంగు చీజ్ ఒకటుంటుంది, తియ్యగా, కాస్త మన కోవా మాడితే ఎలా ఉంటుందో అలా, అది అత్తగారికి తెగ నచ్చింది.

ఆర్కిటిక్ వృత్తం దాటేటప్పుడు కూడా జాగ్రత్త. పైకి పోయేటప్పుడు గడ్డం పెట్టుకున్న సముద్ర దేవుడి వేషంలో ఒకాయన వచ్చి గరిటెతో ఐసు ముక్కలు మెడ వెనక చొక్కాలో పోస్తాడు, అది నవ్వులాట. కిందకి వచ్చేటప్పుడు చెంచాడు కాడ్ లివర్ ఆయిల్ తాగిస్తారట, మేం కిర్కెనెస్‌లోనే దిగి విమానం ఎక్కాం కాబట్టి తప్పించుకున్నాం. వెజ్ వాళ్లు ఆ టైమ్‌కి క్యాబిన్లో పడుకోండి.

ప్రశ్న: అక్కడ సూర్యుడు అస్తమించడంటగా, మరి సాయంత్రం దీపం ఎప్పుడు పెట్టాలి? మా అమ్మ అడగమంది. (దిల్‌సుఖ్‌నగర్ నుంచి)

అమ్మగారికి నా నమస్కారాలు, అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది. నార్త్ కేప్ దగ్గర మే మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు కిందకి దిగడు. మా అత్తగారికీ ఇదే బెంగ. మొదటి రోజు వాచీలో ఆరున్నరకి పెట్టారు, కానీ కిటికీలోంచి మిట్టమధ్యాహ్నంలా ఎండ కొడుతుంటే ఆవిడకి మనసొప్పలేదు. రెండో రోజు ఆలోచించి ఆవిడే దారి కనిపెట్టారు: మన ఇంట్లో ఎప్పుడు పొద్దు గుంకితే అప్పుడే. జూన్‌లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం ఏడు కావస్తుండగా కదా, అక్కడ టైమ్ మనకంటే మూడున్నర గంటలు వెనక, అంటే మధ్యాహ్నం మూడూ ఇరవై ప్రాంతంలో. రోజూ ఆ టైమ్‌కి మా ఆడపడుచుకి వీడియో కాల్ చేసి, తను ఇక్కడ దీపం వెలిగించగానే ఆవిడ అక్కడ బ్యాటరీ దీపం నొక్కేవారు (అగ్గిపుల్ల గీస్తే అలారం మోగి పడవంతా లేస్తుంది, గుర్తుంచుకోండి). నెట్ లేని రోజు మాత్రం కాస్త అలిగారు.

నిద్రకి మాత్రం కళ్లకి కట్టుకునే గుడ్డ తప్పనిసరి. మనసు ఇంకా సాయంత్రమేలే అనుకుంటుంది, చూస్తే రాత్రి ఒంటిగంట.

ప్రశ్న: నాకు శ్రీశైలం ఘాట్ రోడ్డులోనే వాంతులు. పడవ ఎక్కొచ్చా? (మల్కాజ్‌గిరి నుంచి)

ఎక్కొచ్చు. దారిలో ఎక్కువ భాగం పడవ దీవుల చాటున పోతుంది, హుస్సేన్‌సాగర్‌లో లాంచీ కంటే ఎక్కువేం ఊగదు. బోడో నుంచి లోఫోటెన్‌కి వెస్ట్‌ఫ్యోర్డ్ దాటే నాలుగ్గంటలు, ఇంకా హుస్టాడ్‌విక అని ఒక ముక్క, అక్కడ బయటి సముద్రం తగులుతుంది. డాక్టర్ని అడిగి అవోమిన్ లాంటి మాత్ర, తిప్పడం మొదలవ్వక ముందే వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే అది కూడా బయటికే. మధ్యలో, కింది అంతస్తులో క్యాబిన్ అడగండి. ఫోన్ చూడకుండా దూరంగా నీళ్లూ ఆకాశం కలిసేచోటు చూస్తూ ఉండండి.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు, ఈసారి వచ్చినప్పుడు అలాస్కా క్రూజ్ తీసుకెళ్తానంటున్నాడు. మాకు అమెరికా విజిటర్ వీసా ఉంది. సరిపోతుందా? (ఎల్బీ నగర్ నుంచి)

సరిపోదండీ, ఇక్కడే చాలామంది పోర్టు దాకా పోయి వెనక్కొస్తారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, వేరే దేశం జెండా ఉన్న పడవ అమెరికాలో ఎక్కించుకుని మళ్లీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో విదేశీ రేవు ఒకటి తగలాలి. అందుకని సియాటిల్ పడవలు మామూలుగా చివర్లో కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి, అది కూడా సాయంత్రం పూట. మీరు పడవ దిగకపోయినా కెనడా వీసా అడుగుతారు. అబ్బాయికి గ్రీన్‌కార్డ్ ఉంటే తనకి అక్కర్లేదు, మీకు కావాలి. టికెట్లు కొనకముందే ఆ పని చేయించమనండి.

చూసేదానికి మాత్రం ఢోకా లేదు. గ్లేసియర్ బే పోయే పడవే తీసుకోమనండి, రోజుకి రెండు పెద్ద క్రూజ్‌లనే లోపలికి వదుల్తారు. 1794లో వాంకూవర్ అనే ఇంగ్లిష్ కెప్టెన్ మనుషులు అటు వచ్చినప్పుడు ఆ అఖాతం అంతా మంచుగడ్డే, ఇప్పుడు పడవ గంటల తరబడి లోపలికి పోతే కానీ ఆ మంచు ముందుకి చేరదు, వందేళ్ల కిందటికే 100 కిలోమీటర్లు వెనక్కి జరిగిపోయింది. నేను పోలేదు, మా చెల్లెలు పోయొచ్చింది. తను చెప్పింది ఏంటంటే, మంచుగోడలోంచి ఒక ముక్క విరిగి నీళ్లలో పడడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది, ఉరుములాగే. అక్కడి త్లింగిట్ అనే ఆదివాసులు దాన్ని తెల్ల ఉరుము అంటారట. ముక్క విరిగే క్షణానికి మా మరిది బఫే లైన్లో ఉన్నాడు, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మొహం మాడుస్తాడు.

ఇంకోటి, అమెరికా పెద్ద క్రూజ్‌ల్లో రోజుకి మనిషికి 16 డాలర్ల పైనే టిప్పు వాళ్లంతట వాళ్లే బిల్లులో వేసేస్తారు. చివరి రోజు బిల్లు చూసి అబ్బాయితో గొడవ పెట్టుకోకండి. కెచికాన్‌లో గొడుగు లేకుండా దిగకండి, ఏడాదికి మూడున్నర మీటర్ల పైనే వాన పడే ఊరు అది.

ప్రశ్న: జూన్‌లో వెళ్తే నార్తర్న్ లైట్స్ కనిపిస్తాయా? (మణికొండ నుంచి)

కనిపించవు. అవి చీకటి ఆకాశంలో కనిపించే రంగు వెలుగులు, రాత్రే లేనిచోట ఎక్కడివి. సెప్టెంబర్ చివర్నుంచి మార్చి లోపు పోవాలి, అందులో నడిచలికాలం అయితే పైన సూర్యుడే కనపడడు, అదొక బాధ. అస్తమించని సూర్యుడు, ఈ లైట్లు రెండూ ఒకే ట్రిప్‌లో అని ఎవడైనా ప్యాకేజీ అమ్మితే వాడి నంబర్ బ్లాక్ చేయండి.

ప్రశ్న: స్వెటర్లు, వీసా, క్యాబిన్... ఏది ముందు చూసుకోవాలి? (తార్నాక నుంచి)

వీసా. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు కానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపులో, ఉంది, ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, జూన్ ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిలోనే కూర్చోండి. బట్టల గురించి కంగారొద్దు, లావు స్వెటర్ ఒకటి కన్నా పల్చటివి మూడు మేలు, పైన గాలి, వాన ఆగే జాకెట్, చెవులకి మంకీ క్యాప్. అవును మంకీ క్యాపే, మా ఆయన సిగ్గుపడి పెట్టుకోలేదు, రెండో రోజుకి నాది లాక్కున్నారు.

క్యాబిన్ బుక్ చేసేటప్పుడు మాత్రం డెక్ ప్లాన్ బొమ్మ తెరిచి, మీ నంబర్ ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. "సముద్రం వైపు కిటికీ మేడమ్" అని మా ఏజెంట్ ఊరించాడు, కిటికీ నిజంగానే సముద్రం వైపే ఉంది, దానికి ఎదురుగా నిండా ఒక నారింజరంగు లైఫ్‌బోట్ వేలాడుతోంది. ఆరు రోజులు పొద్దున్న లేవగానే తెర తీసి దానికే గుడ్ మార్నింగ్ చెప్పాం. దాని మీద రాసిన నంబర్ అత్తగారికి ఇప్పటికీ కంఠతా వచ్చు.