ఊపిరి ఉందనుకున్నాం

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. అంబులెన్సులో పనిచేస్తున్నాను, ఆరేళ్లయింది. ఈమధ్య ఒక పెద్దాయన కుప్పకూలారని ఫోన్ వస్తే మూడు నాలుగు నిమిషాల్లోనే చేరుకున్నాం. స్పృహ లేదు, కానీ మధ్యమధ్యలో నోరు తెరిచి గాలి పీలుస్తున్నారు. ఊపిరి ఉంది కదా అని ఆక్సిజన్ మాస్కు పెట్టి, బండి ఎక్కించి, ఎనిమిది నిమిషాల్లో ఆసుపత్రికి తెచ్చాం. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, "సీపీఆర్ ఎందుకు చెయ్యలేదు?" అని అందరి ముందూ అరిచారు. ఆయన దక్కలేదు. ఊపిరి ఆడుతున్న మనిషి ఛాతీ నొక్కకూడదనే కదా మాకు నేర్పింది? అంత వేగంగా తెచ్చినందుకు ఈ మాటలా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అలా అరిచే డాక్టర్లలో నేనూ ఒకదాన్ని. అందుకే మీ ఉత్తరం పక్కన పెట్టలేకపోయాను.

మీరు చూసింది ఊపిరి కాదు, ఎగశ్వాస. గుండె ఆగిపోయినా మెదడు అడుగుభాగంలో కాసేపు కాస్త శక్తి మిగిలి ఉంటుంది. అదే అప్పుడప్పుడూ దవడను లాగుతుంది. నోరు తెరుచుకుంటుంది, గురకలాంటి చప్పుడు వస్తుంది, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. ఒడ్డున పడ్డ చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చినవాళ్ల కంటే మీలా త్వరగా చేరుకున్నవాళ్లే మోసపోతారు. మీకు నేర్పినదాంట్లో ఒక్క మాట జారిపోయింది: స్పృహ లేదు, ఊపిరి 'మామూలుగా' లేదు అంటే ఛాతీ నొక్కడం, అంటే సీపీఆర్, మొదలుపెట్టాలి. నాడి చూడండి, కానీ పది సెకన్లు దాటనివ్వకండి. టెన్షన్‌లో మన వేలి చివర కొట్టుకునే మన నాడినే ఎదుటి మనిషిది అనుకుంటాం. నాకూ జరిగింది. తేలకపోతే నొక్కండి. ఆడుతున్న గుండె మీద పొరపాటున కాసేపు నొక్కితే పెద్ద హాని జరగడం అరుదు. ఆగిన గుండెను నొక్కకుండా వదిలేస్తే మాత్రం దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక ఆక్సిజన్ సంగతి. రక్తం కదలనప్పుడు ఆ ఆక్సిజన్‌ను మోసుకెళ్లేదెవరు? బాగా నొక్కినా మామూలు రక్తప్రసారంలో పావు వంతో, మూడో వంతో మాత్రమే వస్తుంది. ఆ కొంచెమే మెదడును నిలబెడుతుంది. అదీ లేకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. కరెంటు షాక్‌కు లొంగే రకంగా గుండె ఆగినప్పుడు, సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. మొదట్లో అలాంటి గుండె వణుకుతూ ఉంటుంది. వణికే గుండెకు షాక్ ఇవ్వవచ్చు. నొక్కుతూ ఉంటే ఆ వణుకు ఇంకాస్త సేపు నిలుస్తుంది, లేకపోతే సన్నగిల్లి మానిటర్ మీద ఒట్టి గీత మిగులుతుంది. ఆ గీతకు షాక్ పనిచేయదు.

మేం అరిచేది ఆ గీతను చూసి. ఇంకొకటి కూడా ఉంది. మీరు దారిలో ఇంటివాళ్లకు "ఊపిరి ఉంది, భయపడకండి" అని చెప్పే ఉంటారు. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి లేరని చెప్పాల్సింది డాక్టరు. "దారిలో ఊపిరి ఉందన్నారు కదా, లోపల మీరేం చేశారు?" అని వాళ్లు అడుగుతారు. దానికి ఏం చెప్పాలో ఇన్నేళ్లయినా నాకు చేతకావడం లేదు.

అయినా ఆవిడ అందరి ముందూ అరవడం తప్పే. ఒకసారి నేనూ ఒక కుర్రాడి మీద అలాగే విరుచుకుపడ్డాను. స్ట్రెచర్ లోపలికి వచ్చేటప్పుడు అతని చేతులు రోగి మీద లేవు, నాకు కనపడింది అదొక్కటే. తర్వాత కేస్ షీటు చూస్తే ఇరవై నిమిషాలు ఒక్కడే నొక్కాడు, బండి దించేందుకు చేతులు తీశాడు. చొక్కా వీపంతా తడిసి ఉందని నర్సు చెప్పింది. రెండు రోజుల తర్వాత వెళ్లి క్షమించమన్నాను. తను నవ్వేశాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇప్పుడు నేను మొదట అడిగేది రెండే: ఎప్పుడు కూలారు, ఎప్పుడు మొదలుపెట్టారు. 'ఎందుకు' అన్నది సాయంత్రం అడుగుతాను. ఒళ్లు బిగుసుకుపోయి, కింది వైపు రక్తం దిగి మచ్చలు కట్టిన, అంటే ఎప్పుడో ప్రాణం పోయిన మనిషికి సీపీఆర్ చేయలేదని తిట్టే డాక్టర్లూ ఉన్నారు. అది ఒట్టి అన్యాయం.

మీ చేతుల్లో ఉన్న పని ఒకటుంది. ఆ డాక్టరమ్మను ఒక పది నిమిషాలు అడిగి, కేస్ షీటు పట్టుకుని వెళ్లండి, ఎగశ్వాస సంగతే మాట్లాడండి. ఆవిడ కాదనరనే నా నమ్మకం. ఇక ముందు బండి ఎక్కించే తొందర పెట్టుకోకండి. మనిషి పడ్డ చోటే, గట్టి నేల మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా నొక్కండి, 6 దాటొద్దు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. అలసిపోయిన చేతులు లోతు తగ్గిపోయిందని మనకు చెప్పవు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. కదిలే బండిలో ఇదంతా సగం కూడా కుదరదు.

ఆయన బతికేవారా అని మీరు అడగలేదు, కానీ నిద్ర పట్టనిది అందుకేనని తెలుసు. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో, అన్నీ సరిగ్గా చేసినా ఎక్కువమంది దక్కరు. ఒక అవకాశం పోయింది, అది నిజం. ప్రాణం తీసింది మాత్రం మీరు కాదు.

ప్రశ్న: పోలీసు ఉద్యోగంలో ఉన్నాను. చాలాసార్లు అంబులెన్సు కంటే ముందు మేమే చేరుకుంటాం. నోట్లో నోరు పెట్టి ఊదడానికి మనసొప్పదు. పక్కటెముకలు విరుగుతాయన్న భయం వేరే. డాక్టర్లు కానివాళ్లం చేయొచ్చా?

జవాబు: 1960లో ఛాతీ నొక్కే పద్ధతిని లోకానికి చెప్పిన ముగ్గురిలో కౌవెన్‌హోవెన్, నికర్‌బాకర్ ఇద్దరూ ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌వాళ్లు, జూడ్ ఒక్కరే సర్జన్. కాబట్టి డాక్టరు కాదన్న సాకు వద్దు. పక్కటెముకలు విరుగుతాయి, బాగా చేసేవాళ్ల చేతుల్లోనూ విరుగుతాయి, తర్వాత అతుక్కుంటాయి. కళ్లముందు హఠాత్తుగా కూలిన పెద్దవాళ్లకు ఊదకుండా నొక్కడమొక్కటే చేసినా సరేనని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే చెప్పింది. పిల్లలకు, నీళ్లలో మునిగినవారికి అది చాలదు. వాళ్ల గుండె ఆగేది ఎక్కువగా ఊపిరి అందకే కాబట్టి గాలి ఊదాలి. నోరు పెట్టలేకపోతే మధ్యలో వాల్వు ఉన్న చిన్న పాకెట్ మాస్కు దొరుకుతుంది, బండిలో ఒకటి పడేసుకోండి.