సీబీ రేడియో నుంచి హామ్ లైసెన్సుకి వెళ్లాలా?

ప్రశ్న: అన్నా, హెచ్-1బి మీద వచ్చి ఏడాది కావస్తోంది. నెబ్రాస్కాలో కార్నీ అనే ఊళ్లో ప్రాజెక్టు. వారాంతాల్లో ఒమాహా దాకా ఒక్కడినే డ్రైవ్ చేస్తుంటాను. కాలక్షేపానికి కారులో సీబీ రేడియో (ట్రక్ డ్రైవర్లు ఎక్కువగా వాడే, లైసెన్సు అక్కర్లేని సిటిజన్స్ బ్యాండ్) పెట్టుకున్నాను, బాగా నచ్చింది. హామ్ లైసెన్సు (అభిరుచిగా రేడియో నడిపేవాళ్లకి ఇచ్చేది) తీసుకుంటే ఇంకా చాలా దూరం మాట్లాడొచ్చంటున్నారు. వీసా మీద ఉన్నవాళ్లకి ఇస్తారా? పరీక్ష కష్టమా? ఇండియాతో మాట్లాడొచ్చా?

జవాబు: తమ్ముడూ, ముందు నీ టెన్షన్ తీరుస్తాను. ఇస్తారు. ఇక్కడ రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ పౌరసత్వం అడగదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు తప్ప ఎవరికైనా లైసెన్సు ఇస్తుంది. అమెరికాలో ఉత్తరాలు అందే చిరునామా, ఒక ఈమెయిల్ ఉంటే చాలు. మొదటి మెట్టు టెక్నీషియన్ అనే పరీక్ష. 35 ప్రశ్నలు, 26 సరైతే పాస్. ఎఫ్‌సీసీ ఫీజు 35 డాలర్లు, పరీక్ష నిర్వహించేవాళ్లు ఇంకొంచెం తీసుకుంటారు, కొన్నిచోట్ల అదీ ఉండదు. లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. ఒక్క సంగతి మర్చిపోకు: లైసెన్సుతో పాటు నీ చిరునామా ఎవరైనా చూడగలిగేలా ఎఫ్‌సీసీ జాబితాలో ఉంటుంది. అది ఇష్టం లేకపోతే పోస్టాఫీసులో బాక్స్ తీసుకుని ఆ చిరునామా ఇవ్వు. మిగతా కాగితాల పని ఎఫ్‌సీసీ సైట్లో ఉంది, చదువుకున్నవాడివి, చూసుకోగలవు.

నువ్వు దూరం గురించి అడిగావు. నాకు మాత్రం నీ ఉత్తరం చదివితే వేరే దిగులు పట్టుకుంది. ఆ ఇంటర్‌స్టేట్ 80 మీద లింకన్ దాటాక రెండు వైపులా మొక్కజొన్న చేలు తప్ప ఏమీ ఉండదు. చలికాలం వస్తే అవీ ఉండవు. అక్కడ ఒంటరిగా బతకడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అందుకే నా కథ కొంచెం వివరంగా చెబుతాను.

నేను 1999లో వైటూకే పని (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేయడం) మీద వచ్చాను. ఆ హడావుడి అయిపోయాక ఒమాహాలో ప్రాజెక్టు దొరికింది. అప్పట్లో ఈ ఊళ్లో మనవాళ్లు ఇప్పుడున్నంత మంది లేరు. ఇంటికి ఫోన్ చేయాలంటే కాలింగ్ కార్డు, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడటం. అయోవాలో వాల్కాట్ దగ్గర పెద్ద ట్రక్ స్టాప్ ఉంది కదా, ఎప్పుడో ఒకసారి అక్కడ ఆగి సీబీ సెట్టు, అయస్కాంతంతో కారు మీద అంటుకునే యాంటెన్నా కొన్నాను. ట్రక్ డ్రైవర్లు మాట్లాడుకునే ఛానల్ 19 పెట్టగానే కారంతా మనుషులతో నిండిపోయినట్టు అనిపించింది. ముందు ఎక్కడ యాక్సిడెంట్ అయింది, పోలీసు ఎక్కడ కాచుకున్నాడు, ఏ ఊళ్లో మంచు పడుతోంది, అన్నీ వాళ్లే చెప్పేవాళ్లు. నేనూ ఒక మారుపేరు పెట్టుకుని మాట్లాడేవాణ్ణి.

ఒక చలికాలం రాత్రి లింకన్ నుంచి యార్క్ దాకా ఒక ట్రక్ డ్రైవరు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్లమ్మాయి పెళ్లి, మోకాలి నొప్పి, అమ్మేసిన గొడ్లు, అన్నీ చెప్పాడు. నేను మా నాన్న ఆరోగ్యం గురించి చెప్పాను, అది నా రూమ్మేటుకు కూడా తెలియదు. యార్క్ దగ్గర అతను 81వ నంబరు రోడ్డు మీదికి మళ్లాడు. కాసేపటికి గొంతు గరగరలాడి ఆగిపోయింది. అసలు పేరు తెలియదు, ఊరు తెలియదు, మళ్లీ ఎప్పుడూ వినపడలేదు. సీబీ స్నేహం రైలు ప్రయాణంలో పరిచయం లాంటిది తమ్ముడూ. దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకానే. ఆ రాత్రి ఇంటికొచ్చి తలుపు తీస్తే ఇల్లు రోజూ కన్నా ఎక్కువ బోసిగా కనపడింది.

నేనేమనుకున్నానంటే, ఇంకా దూరం వినపడితే ఇంకా మనుషులు దొరుకుతారని. నువ్వు ఇప్పుడు అనుకుంటున్నదీ అదే. సీబీకి చట్టం ఇచ్చేది ఏఎం అనే మామూలు పద్ధతిలో 4 వాట్లు, సైడ్‌బ్యాండ్ అనే ఇంకో పద్ధతిలో 12. అది చాలక ఒకరి దగ్గర యాంప్లిఫయరు కొని తగిలించాను. అపార్ట్‌మెంటు పార్కింగులో నేను మాట్లాడితే పక్కింటి ముసలావిడ ఫోన్‌లో నా గొంతు వచ్చేదట. ఆవిడ మర్యాదగా తలుపు తట్టి అడిగింది. సీబీలో యాంప్లిఫయరు వాడటం చట్ట విరుద్ధమని నాకు అప్పుడు తెలిసింది. వీసా మీద ఉన్నవాడు ఫెడరల్ నియమాలతో ఆటలాడకూడదు. నీకెవరైనా అమ్మజూపితే ఒద్దని చెప్పి వచ్చెయ్.

ఆ ముసలావిడే తన తమ్ముడికి హామ్ లైసెన్సు ఉందని చెప్పింది. అలా ఈ దారి దొరికింది.

ఇక పరీక్ష. ప్రశ్నల బ్యాంకు మొత్తం జవాబులతో సహా ముందే అందరికీ దొరుకుతుంది. మనకి ఇంతకంటే ఏం కావాలి? ఎంసెట్ బిట్ బ్యాంకులు మింగిన వాళ్లం. నేనూ అలాగే మింగి, పరీక్ష హాల్లో అందరికంటే ముందు పేపరిచ్చి లేచాను. కాల్‌సైన్ (రేడియోలో మనల్ని గుర్తుపట్టే అక్షరాలు, అంకెలు) వచ్చింది, చేతిరేడియో కొన్నాను, లోకల్ రిపీటరు (అదేంటో కింద చెబుతాను) ఫ్రీక్వెన్సీ పెట్టాను. బటన్ నొక్కి కాల్‌సైన్ చెప్పాను. జవాబు లేదు. కాసేపాగి మళ్లీ చెప్పాను. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు, నన్ను ఎవరూ పలకరించలేదు. రోజూ సాయంత్రం ఇదే. నా యాస వినగానే వీళ్లకి మాట్లాడబుద్ధి కావట్లేదని నిర్ణయానికి వచ్చేశాను. ఎంత కుమిలిపోయానో చెప్పలేను. రేడియో తీసి బట్టల కింద పెట్టేశాను. ఆఫీసులో ఎవరైనా ఆలస్యంగా జవాబిచ్చినా అదే కారణమనుకునే స్థితికి వెళ్లాను.

చాలా రోజుల తర్వాత, కాల్‌సైన్ వచ్చినందుకు థాంక్స్ చెప్పడానికి ఆ ముసలావిడ తమ్ముణ్ణి కలిశాను. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. పార్కింగులో నా రేడియో చేతిలోకి తీసుకుని చూసి, "నువ్వు టోన్ పెట్టలేదు కదయ్యా" అన్నాడు. రిపీటరు అనేది ఎత్తైన టవర్ మీద ఉండి, మన బలహీనమైన సిగ్నల్ తీసుకుని పెద్ద పవరుతో తిరిగి పంపే యంత్రం. అది వినే ఫ్రీక్వెన్సీ ఒకటి, మాట్లాడే ఫ్రీక్వెన్సీ ఇంకొకటి. చేతిరేడియోలు వాడే రెండు మీటర్ల బ్యాండులో వాటి మధ్య తేడా 600 కిలోహెర్ట్జ్, దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. చాలా రిపీటర్లు మన గొంతుతో పాటు మన చెవికి ఆనని సన్నని టోన్ ఒకటి వస్తేనే తలుపు తీస్తాయి. నేను మాట్లాడిన ఒక్క మాట కూడా ఎవరికీ వినపడలేదన్న మాట! నా యాసని కాదనడానికి వాళ్లు అసలు విననే లేదు. ఆయన అక్కడే టోన్ పెట్టి, బటన్ నొక్కమన్నాడు. నొక్కి కాల్‌సైన్ చెప్పగానే ముగ్గురు నలుగురు ఒకేసారి పలికారు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, కొత్త దేశంలో ఒంటరిగా ఉన్నప్పుడు ప్రతి నిశ్శబ్దానికీ మనమే కారణమనిపిస్తుంది. బిట్లు బట్టీ పట్టు, నేను వద్దనను. కానీ ఆఫ్‌సెట్, టోన్, ఎస్‌డబ్ల్యూఆర్ ఈ మూడూ అర్థం చేసుకుని పట్టు. ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నా సెట్టుకి ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే కొలత; అది ఎక్కువైతే యాంటెన్నాలోకి పోవాల్సిన పవరు వెనక్కి తిరిగొస్తుంది, సెట్టు పాడవచ్చు. నీ సీబీకి కూడా ఒకసారి మీటరు పెట్టి చూడు, ఒకటిన్నర లోపు ఉంటే బాగున్నట్టు, మూడు దాటితే మాట్లాడకు.

అలవాట్లు కూడా కొన్ని మార్చుకోవాలి. సీబీలో మారుపేరు, టెన్-ఫోర్ (సరే, విన్నాను), బ్రేకర్ వన్-నైన్ (ఛానల్ 19లో నేనూ మాట్లాడతాను). ఇక్కడ అవేవీ నడవవు. కాల్‌సైన్ చెప్పి మామూలుగా మాట్లాడటమే. ప్రతి 10 నిమిషాలకూ, చివర్లోనూ కాల్‌సైన్ తప్పనిసరి. మనవాళ్ల నోట్లో వి, డబ్ల్యూ ఒకేలా వినపడతాయి కాబట్టి విక్టర్, విస్కీ అని అక్షరాలు విడదీసి చెప్పడం నేర్చుకో. నీ పేరు కూడా అలాగే చెప్పు. సామ్ అనో నిక్ అనో కుదించకు. వారం వారం కలిసే మనుషులకి నీ అసలు పేరు పలకడం రావాలి, వస్తుంది కూడా. మా క్లబ్బులో వెంకటేశ్వరరావు అని నిండుగా పిలిచే అయోవా రైతులున్నారు.

వారం వారం అన్నాను కదా, అసలు విషయం అదే. చాలా ఊళ్ల రిపీటర్లలో వారానికో రోజు సాయంత్రం నెట్ ఉంటుంది. ఒకరు నడిపిస్తారు, మిగతావాళ్లు ఒక్కొక్కరే కాల్‌సైన్ చెప్పి హాజరు వేయించుకుంటారు. చాలామంది చెప్పేది వాతావరణం, తోట, మనవళ్లు. కొత్తలో నాకు ఇదేం కాలక్షేపమనిపించింది. ఒకసారి జ్వరమొచ్చి నెట్‌కి రాలేదు. ఆ రాత్రే ఆ రైల్వే పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి, గొంతు వినపడలేదేమని అడిగాడు. మర్నాడు వాళ్లావిడ చికెన్ సూప్ పట్టుకొచ్చింది. ఈ దేశంలో నేను కనపడకపోతే గమనించే మనిషి ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. సీబీ ఇవ్వలేనిది ఇదీ తమ్ముడూ. మైళ్లు కావు.

నీకు వాట్సాప్ ఉంది, వీడియో కాల్ ఉంది, నాకా కాలింగ్ కార్డు కష్టాలు లేవంటావు. నిజమే. కానీ నీకు రాత్రి తొమ్మిదయ్యేసరికి అక్కడ పొద్దున, అందరూ ఆఫీసులకీ బడులకీ పరిగెడుతుంటారు. నీకు జ్వరమొస్తే గుంటూరులో మీ అమ్మ కంగారు పడగలదు, అంతే. ఐదు మైళ్లలో ఉన్నవాడు వచ్చి తలుపు తట్టగలడు. అందుకే రేడియో కొనే ముందు క్లబ్బు వెతుక్కో. జూన్‌లో నాలుగో వారాంతం ఫీల్డ్ డే జరుగుతుంది, 1933 నుంచి నడుస్తున్న ఆనవాయితీ. పార్కులో జనరేటర్లూ బ్యాటరీలూ పెట్టుకుని పగలూ రాత్రీ స్టేషన్లు నడుపుతారు. లైసెన్సు లేకపోయినా వెళ్లొచ్చు, పక్కన లైసెన్సు ఉన్నవాడు ఉంటే మైకు కూడా ఇస్తారు. పులిహోర కలిపి తీసుకెళ్లు. వసంతంలో వాతావరణ శాఖవాళ్లు స్కైవార్న్ అనే శిక్షణ ఉచితంగా ఇస్తారు, టోర్నడో మబ్బుని ఎలా గుర్తుపట్టాలో నేర్పిస్తారు. నెబ్రాస్కాలో బతికేవాడికి అది ఎలాగూ అవసరం.

దూరం సంగతి కూడా చెబుతాను, లేకపోతే తప్పించుకున్నాననుకుంటావు. సీబీ 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అప్పుడప్పుడు ఫ్లోరిడా, జార్జియా గొంతులు నీ కారులో పలుకుతాయే, అవి ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పైపొరకి తగిలి వంగి వచ్చినవి. దాని పక్కనే హామ్‌ల 10 మీటర్ల బ్యాండు ఉంది. టెక్నీషియన్‌కి అందులో 28.3 నుంచి 28.5 దాకా సైడ్‌బ్యాండ్‌లో మాట్లాడే హక్కుంది, పవరు 200 వాట్ల దాకా. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్లలో పగటిపూట దాని మీద ఖండాలు దాటొచ్చు.

ఇండియా కావాలంటే తర్వాతి మెట్టు, జనరల్ పరీక్ష రాయి. అదీ 35 ప్రశ్నలే. మా రోజుల్లో నిమిషానికి 5 పదాల మోర్స్ కూడా పాస్ కావాల్సి వచ్చేది, నేను పొద్దున్నే కారులో క్యాసెట్ వింటూ నేర్చుకుని పాసయ్యాను. 2007లో ఆ నిబంధన తీసేశారు, మీ అదృష్టం. నెబ్రాస్కా నుంచి హైదరాబాదుకి రేడియో దారి ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది, అక్కడి అలజడిలో సిగ్నల్ నీరసపడుతుంది. ఓపిక కావాలి. 20 మీటర్ల మీద ఒక తెల్లవారుజామున వీయూ2తో మొదలయ్యే ఇండియా కాల్‌సైన్ వినపడి, అవతల మనిషి హైదరాబాదని తెలిసి, ఇద్దరం తెలుగులోకి దిగిపోయాం. కాల్‌సైన్ ఇంగ్లిష్‌లో చెబితే చాలు, మిగతా మాటలు ఏ భాషలోనైనా మాట్లాడొచ్చు. సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983లో మొదలైంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు అండమాన్‌లో హామ్ స్టేషన్ నడుపుతున్నారు. ఫోన్లు పోయిన ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు పంపింది ఆవిడ, ఆవిడతో ఉన్నవాళ్లు. మనవైపు ఈ విద్యకి అంత చరిత్ర ఉందని మా క్లబ్బులో నేను గర్వంగా చెబుతుంటాను.

సీబీ అమ్మేయకు. మంచు తుఫానులో రోడ్డు మూసేస్తే ఛానల్ 19లో కబురు తెలియొచ్చు. చేతిరేడియోని మాత్రం సెలవులకి ఇండియా వెళ్లేటప్పుడు అక్కడి అనుమతి చూసుకోకుండా సూట్‌కేసులో పెట్టుకెళ్లకు, కస్టమ్స్ దగ్గర చిక్కు.

మీ అమ్మానాన్నలు వస్తే వాళ్ల గురించి కూడా ఆలోచించు. ఆరు నెలలు ఆ అపార్ట్‌మెంటులో, నువ్వు ఆఫీసుకెళ్లాక, వాళ్ల ఒంటరితనం నీకంటే ఎక్కువ. మా నాన్న వచ్చినప్పుడు సాయంత్రాలు నా పక్కన కూర్చుని, వచ్చీరాని ఇంగ్లిష్‌లో అయోవా రైతుతో వానల గురించి మాట్లాడేవాడు. నువ్వు పక్కనే ఉండి నడిపిస్తే అమెరికా లోపల ఇది నిక్షేపంగా చేయొచ్చు. ఇండియా స్టేషన్ పలికితే మాత్రం మైకు నువ్వే తీసుకోవాలి. లైసెన్సు లేనివాళ్ల తరఫున మాటలు దాటించడానికి రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి, ఇండియాతో అది లేదు.